బ్యాక్టీరియాను పట్టే బయోసెన్సర్లపై పరిశోధన: ఎమ్మెస్సీ ఎందులో చేయాలి?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా అమ్మాయి మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ గ్రూపుతో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతోంది. నీటిలో, పాలలో బ్యాక్టీరియాను గుర్తించే నానో బయోసెన్సర్లపై పరిశోధన చేస్తానంటోంది. ఎక్కువ ఫీజైనా సరే, ప్రైవేటు కళాశాలలో నానోటెక్నాలజీ ఎమ్మెస్సీ చేయించమంటారా?

జవాబు: కోర్సు పేరులో నానో అనే మాట ఉన్నందుకు అంత ఫీజు కట్టనవసరం లేదని నా అభిప్రాయం. బయోసెన్సర్ అంటే ఎంజైము, యాంటీబాడీ వంటి జీవ పదార్థంతో దేనినైనా గుర్తించి సంకేతంగా చూపే పరికరం. అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే కారణం మీకే బోధపడుతుంది.

ఎలక్ట్రోడు మీద ఎంజైమును నిలిపి, రసాయన చర్యను విద్యుత్ సంకేతంగా కొలిచే ఆలోచనను 1962లో క్లార్క్, లయన్స్ గ్లూకోజ్ కోసం ప్రతిపాదించారు. ఇంట్లో వాడే షుగర్ మీటరు ఆ వంశానిదే. బ్యాక్టీరియా దగ్గరికి వచ్చేసరికి పని కష్టమవుతుంది. ఫలానా బ్యాక్టీరియాను యాంటీబాడీయో, ఆప్టమరో (దానికే అతుక్కునేలా తయారుచేసిన చిన్న డీఎన్ఏ లేదా ఆర్ఎన్ఏ ముక్క) పట్టుకోవాలి. అలా పట్టుకునే యాంటీబాడీకో ఆప్టమరుకో తగిలించిన హార్స్‌రాడిష్ పెరాక్సిడేజ్ వంటి ఎంజైము సంకేతాన్ని పెంచి చూపుతుంది. లేదంటే ఈ.కోలి వంటి కోలిఫారాలు (నీటి కాలుష్యానికి గుర్తుగా చూసే బ్యాక్టీరియా) తామే తయారుచేసుకునే బీటా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైము చర్యను కొలుస్తారు. ఎంజైమును నిలపడానికి, రొయ్యల, పీతల పెంకుల నుంచి తీసే కైటోసాన్‌ను పలుచని ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి పొరగా ఆరబెడతారు. దానిలోని అమైనో సమూహాలు ఎంజైమును పట్టి ఉంచుతాయి గాని, ఆ పొరలో విద్యుత్తు సరిగా ప్రవహించదు కనుక బంగారు నానోకణాలో, కార్బన్ నానోట్యూబులో కలిపి ఆ లోటు తీరుస్తారు.

ఇందులో బ్యాక్టీరియాను పెంచడం మైక్రోబయాలజీ పని. తక్కినదంతా చాలావరకు కెమిస్ట్రీ, అందులోనూ రసాయన చర్యలకూ విద్యుత్తుకూ ఉన్న సంబంధాన్ని చూసే ఎలక్ట్రోకెమిస్ట్రీ. అందువల్ల మీ అమ్మాయి తెలంగాణ విశ్వవిద్యాలయాల పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఉస్మానియాలోనో, నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలోనో, పాలమూరులోనో బయోకెమిస్ట్రీ లేదా కెమిస్ట్రీ సీటు కోసం ప్రయత్నించడం మేలు. మైక్రోబయాలజీలోనే సీటు వస్తే చేరవచ్చు, కాని కెమిస్ట్రీ పుస్తకాలు మూసేయకూడదు.

మన జిల్లాలో నీటి పరీక్ష అనగానే ఫ్లోరైడే గుర్తుకొస్తుంది. అది అయాన్ (విద్యుదావేశం ఉన్న కణం), దానిని కొలిచే ఎలక్ట్రోడులో లాంథనమ్ ఫ్లోరైడ్ స్ఫటికం ఉంటుంది, ఎంజైముతో పని లేదు. బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూడాలంటే మాత్రం ఒకటి రెండు రోజులు పడుతుంది; ఈలోగా ఆ నీళ్లు తాగేస్తారు, ఆ పాలు అమ్ముడైపోతాయి. మీ అమ్మాయి ఎంచుకున్న సమస్య నిజమైనదే. అయితే పాలలోని కొవ్వు, ప్రొటీన్లు ఎలక్ట్రోడుకు అంటుకుని సంకేతాన్ని చెడగొడతాయి, ఎంజైము నిల్వలో బలం కోల్పోతుంది. శుభ్రమైన ద్రావణంలో బాగా పనిచేసిన సెన్సర్ పాల కేంద్రంలో తడబడేది ఇందువల్లనే.

ఉద్యోగం సంగతి దాచకుండా చెబుతాను. ఎమ్మెస్సీ పూర్తికాగానే బయోసెన్సర్ ఉద్యోగం దొరకడం అరుదు. పీహెచ్‌డీకి మరో అయిదేళ్లయినా కేటాయించుకోవాలి. సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 సవరణ ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపై 42,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది కనుక, ఆ కాలంలో మీపై భారం పెద్దగా పడదు. మధ్యలో ఆగవలసి వచ్చినా, హైదరాబాదు చుట్టుపక్కల మందుల కంపెనీల నాణ్యతా పరీక్షల విభాగాలు ఉన్నాయి.

ఆ ప్రైవేటు కళాశాలకు ఒకసారి వెళ్లదలచుకుంటే, ఎలక్ట్రోడు సంకేతాన్ని కొలిచే పొటెన్షియోస్టాట్ అనే పరికరం ఉందా, దానిపై ప్రాజెక్టు చేసిన విద్యార్థులు ఎవరైనా ఉన్నారా అని అడగండి. కరపత్రంలో ఫొటో చూపితే సరిపోదు, ఒక విద్యార్థి దానిని నడుపుతుండగా మీ అమ్మాయి చూడాలి.