అయస్కాంతం పెట్టి చూశావా?

చిరంజీవి అల్లుడికి,

బాలానగర్ నుంచి మామయ్య ఆశీస్సులు. ఫ్రిజ్ కంప్రెసర్ గొట్టానికి రాగి గొట్టం అతికి, మీ అమ్మ చేతికిచ్చి పంపిన ముక్క అందింది. దాన్ని వైస్‌లో బిగించి, రంపంతో నిలువునా కోసి చూశాను. అతకడానికి కరిగించిన రాడ్ పైన ఉంగరంలా చక్కగానే కూర్చుంది. లోపలికి మాత్రం రెండు మిల్లీమీటర్లు కూడా దిగలేదు, కిందంతా నల్లగా మాడి ఉంది. స్క్రూడ్రైవర్ మొనతో గీరితే ఇనుము వైపు పెంకులా లేచి వచ్చేసింది.

అవును, ఇనుమే. కంప్రెసర్ గొట్టానికి అయస్కాంతం పెట్టి చూశావా? పైన రాగి పూత, లోపలంతా స్టీలు. ఎర్రగా కనపడగానే రాగికి రాగి అనుకుని, చిలుము తీసే మందు, అదే ఫ్లక్స్, లేకుండా భాస్వరం కలిసిన రాగి రాడ్ కొట్టేశావు. రాగికి రాగి అయితే ఆ భాస్వరమే చిలుము తీసేస్తుంది, ఫ్లక్స్ అక్కర్లేదు. అదే భాస్వరం ఇనుముకు తగిలితే పెళుసు పొర కడుతుంది. కంప్రెసర్ వణుకుకు ఆ పొర ఎన్నాళ్లు ఆగుతుంది? రాణిగంజ్ వెళ్లి 45 శాతం వెండి రాడ్, దానికి తగిన ఫ్లక్స్ తెచ్చుకో. కాడ్మియం లేనిదని అడిగి మరీ తీసుకో, ఆ పొగ ప్రాణం మీదికి తెస్తుంది. ధర వింటే గుండె గుభేలుమంటుంది కానీ, ఒకే ఫ్రిజ్‌కు మూడుసార్లు గ్యాస్ నింపావు కదా, ఆ లెక్క కూడా వేసుకో.

ఇక శుభ్రం చేయడం. ముందు నూనె తుడవాలి, తర్వాతే ఎమెరీ గరుకు కాగితం. జిడ్డు మీదే రుద్దితే ఆ నూనెను గీతల్లోకి నువ్వే అదిమినట్టు. థిన్నర్ గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, సీసా దూరంగా పెట్టాకే గ్యాస్ టార్చ్ వెలిగించు. రుద్దేటప్పుడు గొట్టం మూతి కిందికి ఉంచు, పొడి లోపల పడకూడదు. అద్దంలా మెరిపించకు. కుర్రతనంలో నేను అలాగే పాలిష్ పట్టి పట్టి, రాడ్ ఎందుకు పాకడం లేదని తల గోక్కున్నాను. సన్నటి గరుకు ఉండాలి. రుద్దిన చోట వేలు పెట్టకు, వెంటనే ఫ్లక్స్ రాసెయ్.

నువ్వు అసలు తప్పింది మంట దగ్గర. రాగి స్టీలు కన్నా ఏడెనిమిది రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. రెండింటి మీదా మంట సమానంగా తిప్పితే స్టీలు ఎర్రబడుతుంది, రాగి ఇంకా చల్లగానే ఉంటుంది. నువ్వు ఆ ఎరుపు చూసి రాడ్ పెట్టావు. ముందు రాగి వైపే మంట ఎక్కువసేపు ఆడించు, తర్వాత అతుకు మీదికి రా. కొలత ఫ్లక్సే చెబుతుంది. ముందు నీరు మరిగి తెల్లగా పొంగుతుంది, తర్వాత పాలలా సాగుతుంది, 600 డిగ్రీల దగ్గర నీళ్లలా తేటపడి కదలకుండా నిలుస్తుంది. కాసేపటికే రాడ్ ముట్టించు, అదీ మంట తగలని వైపు నుంచి. మంటకు కరిగిన రాడ్ పైనే బొట్టు కడుతుంది, లోహం వేడికి కరిగితేనే రెండు గొట్టాల మధ్య సందులోకి దిగుతుంది. ఫ్లక్స్ నల్లబడిందా, ఇక మంట పెంచి లాభం లేదు. మంట ఆర్పి, చల్లారాక కడిగి, మళ్లీ మొదటి నుంచి.

సందు 0.05 నుంచి 0.12 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. వేడికి రాగి స్టీలు కన్నా ఎక్కువ పెరుగుతుంది. పది మిల్లీమీటర్ల గొట్టం 700 డిగ్రీలకు చేరేసరికి ఆ తేడా దాదాపు 0.035 మిల్లీమీటర్లు. రాగి లోపల ఉంటే సందు మూసుకుపోతుంది, బయట ఉంటే వదులవుతుంది. గొట్టం ఎక్కించేటప్పుడే ఇది చూసుకో. చల్లారేదాకా కదపకు, తడిగుడ్డ వేయకు. ఎండలకు తట్టుకోలేక నెత్తి మీద ఫ్యాను తిప్పుకుంటూ చేస్తున్నావట, ముందు అది ఆపు.

అల్యూమినియంకు రాగి అతకడం నా దగ్గర నేర్చుకునేదాకా ముట్టుకోకు. ఆ రెండూ కలిస్తే 548 డిగ్రీలకే కరిగి కారిపోతాయి. అన్నట్టు, ఈ మధ్య ఫ్రిజ్‌లలో ఆర్600ఎ గ్యాస్ వస్తోంది, అది అంటుకునే రకం. ఏ గ్యాసో రాసి ఉండే ప్లేటు చదవకుండా, గ్యాస్ పూర్తిగా తీయకుండా టార్చ్ దగ్గరికి తేకు.

ఆదివారం పాత కంప్రెసర్ గొట్టాలు రెండు మూడు పట్టుకుని రా. ఫ్లక్స్ నా దగ్గర ఉంది, రాడ్ మాత్రం నువ్వే తేవాలి.

మీ మామయ్య