పందిరికి ముందు గాలిని తలుచుకో అమ్మలూ

సీతమ్మధార,
విశాఖపట్నం.

చి.సౌ. అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

మధురవాడ ఇంటి వెనక జాగాలో పందిరి వేయించి, దాని కింద మీ అత్తగారికి కుర్చీ వేద్దామనుకుంటున్నావని అక్క చెప్పింది. నువ్వు పంపిన ఫోటో చూశాను. ముచ్చటగా ఉందమ్మా. కానీ అది సముద్రం లేని ఊరి పందిరి. మన ఊళ్లో పందిరి కట్టాలంటే మొదట తలుచుకోవాల్సింది గాలినే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా పెరట్లో పందిరి ఉండేది, నీకు గుర్తుండే ఉంటుంది. కాగితం పూల తీగ దుప్పటి కప్పినట్టు అల్లుకుంది. నీడ చాలడం లేదని దానిమీద పచ్చ నెట్ కూడా పరిపించాను. అంటే గాలికి తెరచాప ఎత్తి ఇచ్చానన్నమాట. మర్నాడు తలుపు తీసి చూస్తే రెండు స్తంభాలు మట్టి పెళ్లతో సహా పైకి లేచి, ప్రహరీ మీద వాలి ఉన్నాయి. గుంతలో చెయ్యి పెట్టి కొలిచాను. జానెడు లోతు. పని చేసినవాడు అంతే పాతి వెళ్లాడు, నేనూ దగ్గరుండి చూసుకోలేదు.

అందుకే గుంతలు తవ్వే రోజు నువ్వు సెలవు పెట్టు. పది అడుగులకి పన్నెండు అడుగుల పందిరికి నాలుగు మూలలా రెండున్నర అడుగుల లోతు ఉండాలి. టేపు నీ చేతిలోనే ఉండాలి. ఒక వంతు సిమెంటుకి రెండు వంతులు ఇసుక, నాలుగు వంతులు కంకర కలిపిన కాంక్రీటు పోయించు. పైభాగం నేలకంటే రెండంగుళాలు ఎత్తుగా, అన్ని వైపులా వాలుగా మెత్తించు, స్తంభం మొదట్లో నీళ్లు నిలవకూడదు. వారం రోజులు తడుపుతూ ఉండు. ఆ తరవాతే పైన బరువు పెట్టనివ్వు.

కర్ర వేద్దామంటావేమో. చెద సంగతి తెలుసుగా, వద్దు. జీఐ పైపే, అంటే జింకు పూత పూసిన ఇనప పైపే వేయించు, అందులోనూ బి క్లాస్, మధ్యరకం మందం. పల్చటి రకాన్ని చేత్తో ఎత్తితేనే తేడా తెలిసిపోతుంది. ఋషికొండ వైపు ఉప్పు గాలికి తుప్పు పైపు మధ్యలో మొదలవదు, వెల్డింగు చేసిన చోట మొదలవుతుంది. ఆ వేడికి జింకు పూత కాలిపోతుంది కనక. ప్రతి అతుకునీ బ్రష్షుతో గీకించి, జింకు పెయింటు రెండు కోట్లు వేయించు. పైన రేకు, నెట్ ఏదీ కప్పొద్దు. అడుగుకొకటి చొప్పున అడ్డ పైపులు, వాటి మధ్య జీఐ తీగ, అంతే. గాలి లోపలినుంచి దూరి పోవాలి.

మరి నీడ? మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం విశాఖలో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు ఎంత ఖరీదైన పందిరైనా కింద గీతల నీడే ఇస్తుంది. చల్లదనం ఆకుదే. ఈ ఎండల్లో కట్టించి తొలకరికి మొక్క నాటితే, వచ్చే వేసవికి ఆకు కమ్ముకుంటుంది.

పడమటి స్తంభం దగ్గర రాధామనోహరం ఒక్కటే పెట్టు. సాయంత్రం తెల్లగా విచ్చిన పువ్వు మర్నాటికి గులాబీ రంగు, ఆ తరవాత ఎరుపు తిరుగుతుంది. ఒక్క గుత్తిలోనే మూడు రంగులూ కనిపిస్తాయి. రాత్రయ్యేసరికి వాసన గది లోపలికి వస్తుంది. సన్నజాజి గుమ్మం పక్కన చాలు, మొగ్గలు కోసుకోవడానికి చేతికి అందాలి. కాగితం పూలు ఉప్పు గాలికి బాగా తట్టుకుంటాయి, కానీ ముళ్లు. పెద్దావిడ కూర్చునే చోట వద్దు, ప్రహరీ మీదికి పాకించు.

మొదటి ఏడాది తూర్పు వైపు బీర, పొట్ల విత్తనాలు వెయ్యి. బీరపూలు పొద్దు వాలాక విచ్చుకుంటాయి, సరిగ్గా మీ అత్తగారు టీ తాగే వేళకి. పొట్లకాయ చివర చిన్న రాయి కట్టడం ఆవిడకి నేర్పక్కర్లేదు, ఆవిడే నీకు నేర్పుతారు. పందిరి ఎనిమిది అడుగుల ఎత్తు పెట్టించు, కాయలు వేలాడటానికి చోటుంటుంది.

తీగని స్తంభానికి ఇనప తీగతో కట్టకు, కాండం లావెక్కాక కోసేస్తుంది. పాత నూలు చీర పేలికలతో ఎనిమిది అంకెలా వదులుగా కట్టు. పైకి చేరేదాకా పక్క కొమ్మలు గిల్లేస్తూ ఒక్క కాండాన్నే ఎక్కించు. పైకప్పు అందుకోగానే కొస తుంచెయ్యి, అప్పుడు నాలుగు వైపులా చీలుతుంది. ఈ ఒక్క పని చెయ్యక చాలామంది పందిళ్లు కింద గుబురుగా, పైన బోసిగా ఉంటాయి.

ఏటా సెప్టెంబరులో, పూలున్నాయని జాలిపడకుండా, తీగని పల్చగా కత్తిరించు. కిందనుంచి చూస్తే ఆకాశం ముక్కలు ముక్కలుగా కనిపించాలి. అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు.

మా పెరట్లో లేచిన రాధామనోహరం పిలక తీసి కవరులో నాటాను. నిన్నటికి రెండు కొత్త ఆకులు వేసింది. వర్షాలు పడగానే పట్టుకొస్తాను. పడమటి స్తంభానికి బయటి వైపు, అడుగు ఎడంగా, అడుగున్నర గుంత తవ్వించి ఎండనివ్వు. పశువుల ఎరువు నేనే తెస్తాను.

ఇట్లు,
మావయ్య