డిజిటల్ టీవీ కోసం ఆటిక్‌లోని పాత యాంటెన్నా మార్చాలా?

మీరు అడిగింది ఇదీ: టెక్సస్‌లో డాలస్ దగ్గరున్న ఫ్రిస్కోలో 1990ల నాటి ఇల్లు కొన్నారు, ఆటిక్‌లో (పైకప్పు కింది అటకలో) ముందున్నవాళ్ళు వదిలేసిన పెద్ద యాంటెన్నా ఉంది. షాపులో అడిగితే "అది అనలాగ్ కాలంది, డిజిటల్ యాంటెన్నా కొనాలి" అన్నారు. మార్చాలా, వద్దా?

మార్చకండి. ముఖ్యంగా పారేయకండి. మేం పక్క ఊరు ప్లేనోలో ఇల్లు కొన్నప్పుడు నేను సరిగ్గా అదే మాట విని, ఆటిక్‌లో ఉన్నదాన్ని ముక్కలు చేసి చెత్తలో వేశాను. ఇప్పటికీ ఆ బాధ ఉంది.

డిజిటల్ యాంటెన్నా అని వేరే జాతి ఏమీ లేదండీ. గాల్లో వచ్చే తరంగాన్ని పట్టి వైరులోకి పంపడం వరకే యాంటెన్నా పని. అందులో ఉన్నది అనలాగా, డిజిటలా అని చూసుకునేది టీవీలోని ట్యూనర్. అమెరికాలో పెద్ద స్టేషన్లన్నీ 2009 జూన్ 12 నాటికి అనలాగ్ ఆపేశాయి. 2007 మార్చి నుంచి ఇక్కడి కోసం తయారైన టీవీల్లో డిజిటల్ ట్యూనర్ తప్పనిసరి. కాబట్టి ఆ మార్పు మీ టీవీలో ఎప్పుడో అయిపోయింది.

నేను కొన్నది కాగితంలా పల్చగా ఉండే యాంటెన్నా, అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో డిజిటల్ అని ఉంది. కిటికీకి అంటిస్తే 4, 5, 11, 13 నంబర్ల చానళ్ళు చక్కగా వచ్చాయి. 8 మాత్రం రాలేదు. ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ ఫైనల్స్ వచ్చేది అందులోనే. నెలంతా ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి మార్చి చూశాను. చివరికి తెలిసింది ఏమిటంటే, తెర మీద కనిపించే నంబరు వేరు, స్టేషన్ నిజంగా ప్రసారం చేసే చానల్ వేరు. మన డాలస్‌లో ఆ మిగతా నాలుగూ యూహెచ్ఎఫ్‌లో, అంటే పొట్టి తరంగాల బ్యాండ్‌లో వస్తాయి. ఏబీసీ నెట్‌వర్క్ వాళ్ళ 8 మాత్రం నిజంగానే 8వ చానల్ మీద, అంటే పొడుగు తరంగాల వీహెచ్ఎఫ్ బ్యాండ్‌లో వస్తుంది. యూహెచ్ఎఫ్‌కి 10–12 అంగుళాల కడ్డీ చాలు, 8వ చానల్‌కి సుమారు 32 అంగుళాలుండాలి. అడుగు వెడల్పు రేకులో అది ఎలా పడుతుంది? నేను పారేసిన దానికి వెనకవైపు ఆ పొడుగు కడ్డీలు ఉండేవి!

అందుకే ముందు ఆటిక్ ఎక్కి మీదాన్ని చూడండి. చేపముల్లులా ఒకవైపు పొడుగు కడ్డీలు, ఇంకోవైపు పొట్టివి ఉంటే అది రెండు బ్యాండ్లకూ పనికొచ్చేది. ఇప్పుడు యూహెచ్ఎఫ్ చానళ్ళు 36తో ఆగిపోతాయి, పాతవి అంతకంటే పైదాకా పట్టేలా చేసినవి, కాబట్టి వీటికీ సరిపోతాయి. ఆ పొట్టి కడ్డీల కొస సీడర్ హిల్ వైపు ఉండాలి. మన టవర్లన్నీ దాదాపు అక్కడే. ఫ్రిస్కో నుంచి సుమారు 40 మైళ్ళు, దక్షిణం, కొంచెం పడమరకి. ఏసీ పనికి ఎక్కినవాళ్ళు తగిలించి పక్కకి తిప్పేసి ఉండొచ్చు, ఫోన్‌లో దిక్సూచి పెట్టుకుని చూడండి.

తర్వాత వైరు. నా లెక్కలో సగం కేసుల్లో దోషం దీనిదే. పాత చదునైన రెండు తీగల వైరు ఉంటే తీసేసి, యాంటెన్నాకీ కొత్త కేబుల్‌కీ జత కుదిర్చే చిన్న మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, ఆర్‌జీ6 అనే గుండ్రటి టీవీ కేబుల్ వేయండి. అలాగే ఒక వైరులోని సిగ్నల్‌ని అన్ని గదులకీ పంచడానికి బిల్డర్ పెట్టిన స్ప్లిటర్ ఎక్కడో ఒక క్లోజెట్‌లో ఉంటుంది. సిగ్నల్‌ని నాలుగుగా చీలిస్తే ఒక్కో గదికి నాలుగో వంతు కంటే తక్కువే అందుతుంది. ముందు ఒక్క టీవీకి నేరుగా కలిపి పరీక్షించండి.

చిన్నప్పుడు తెనాలి దగ్గర మా ఊళ్ళో బొమ్మ చుక్కలు చుక్కలుగా వచ్చినా చూసేవాళ్ళం. సిగ్నల్ తగ్గుతోందని కంటికి తెలిసేది. డిజిటల్‌లో ఆ మధ్య స్థితి లేదు. ఒక హద్దు దాకా బొమ్మ అద్దంలా ఉంటుంది, అది దాటితే గడులు గడులుగా విరిగి, "నో సిగ్నల్" అని వచ్చేస్తుంది. వదులైన కనెక్టర్ ఒక్కటి ఉన్నా "ఈ యాంటెన్నా డిజిటల్‌కి పనికిరాదు" అనిపించేది అందుకే.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. ఆటిక్ కప్పు లోపలివైపు వెండిరేకులా మెరుస్తోందా? టెక్సస్ ఎండకి చాలామంది అది వేయిస్తారు. ఆ రేకు వేడితో పాటు టీవీ తరంగాల్నీ అడ్డుకుంటుంది. మా ఇంట్లో అదే జరిగింది. రెండోసారి మంచి యాంటెన్నా కొని ఆటిక్‌లో పెడితే ఏమీ రాలేదు, బయట గోడకి బిగిస్తే అన్నీ వచ్చాయి. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) నుంచి తీసేయమని ఉత్తరం వచ్చింది. సొంత ఇంటి మీద టీవీ యాంటెన్నా పెట్టుకోవడాన్ని నిషేధించే షరతులు చెల్లవని 1996 నుంచి ఎఫ్‌సీసీ (అమెరికాలో ప్రసారాల్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) నియమం ఉంది. అదే రాసి పంపాను, మళ్ళీ అడగలేదు.

ఇంత శ్రమ దేనికి, యాప్‌లు ఉన్నాయి కదా అంటే, 2019 అక్టోబరు 20 రాత్రి ఉత్తర డాలస్ మీదుగా టోర్నడో వెళ్ళినప్పుడు మా ఇంట్లో కరెంటు ఉంది, ఇంటర్నెట్ పోయింది. పిల్లల్ని మెట్ల కింద క్లోజెట్‌లో కూర్చోబెట్టి, నేను తలుపు దగ్గర నిలబడి టీవీలో రాడార్ మ్యాప్ చూస్తూ అది ఎటు పోతోందో వాళ్ళకి చెప్తూ ఉన్నాను. టెన్షన్‌తో చేతులు వణికాయి. ఆ సమాచారం అందించింది గోడకున్న ఆ యాంటెన్నాయే.

ఈ వారాంతం కడ్డీలు విరిగాయా, తుప్పు పట్టిందా చూసి, వైరు మార్చి, టీవీ సెట్టింగ్స్‌లో చానళ్ళు మళ్ళీ స్కాన్ చేయండి. 8 కూడా వస్తే ఇంకేం కొనకండి. రాకపోతే పొడుగు కడ్డీ ఎన్ని అంగుళాలుందో కొలిచి, ఆటిక్‌లో రేకు ఉందో లేదో ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.