సంతకం పెట్టే ముందే డబ్బాలు విప్పించండి

పూణె నుంచి హైదరాబాద్‌కు మారుతున్నాం, మూవర్స్ వాళ్లు సామాన్లు దింపగానే అన్నీ విప్పి చూడాలా, డబ్బాల లెక్క చూసుకుని సంతకం పెడితే చాలదా అని ఒకరు అడిగారు. చాలదు. లెక్క సరిపోవడం వేరు, లోపల సామాను బాగుండటం వేరు. సంతకం చేతిలో పడ్డాక ఆ మనిషి మళ్లీ మీ ఫోన్ ఎత్తడు.

మేమూ పూణె నుంచే ప్రగతినగర్ వచ్చాం. పగలు పెద్ద లారీలను సిటీలోకి రానివ్వరని పటాన్‌చెరు దగ్గర గోడౌన్‌లో మా సామానంతా డీసీఎంలోకి, అంటే చిన్న లారీలోకి మార్చారట. ఆ సంగతి మాకు ముందు చెప్పనేలేదు. నన్నడిగితే సామాన్లు పాడయ్యేది రోడ్డు మీద కాదు, ఈ మార్చడంలోనే. అక్కడ ప్యాక్ చేసినవాళ్లు ఒకరు, ఇక్కడ మోసేవాళ్లు ఇంకొకరు. ఏ డబ్బాలో గాజు ఉందో వీళ్లకేం తెలుసు? బండి మధ్యలో మారుస్తారా అని బుక్ చేసేటప్పుడే అడగండి.

డీసీఎం మా గేటు ముందుకు వచ్చేసరికి సాయంత్రం ఆరు దాటింది. ఎనిమిది తర్వాత సామాన్లు ఎక్కించకూడదని మా అసోసియేషన్ రూలు. లిఫ్ట్ వాడినందుకు డబ్బులూ తీసుకుంటారు, టైమ్ అవుతోందని వాచ్‌మన్‌నూ పంపిస్తారు. లారీ ఎప్పుడొస్తుందో ఇంటివాళ్ల చేతిలో ఉంటుందా? సగం మంది చూసుకోకుండా సంతకాలు పెట్టేది ఈ టెన్షన్ వల్లే.

మా ఆయన పైన ఫ్లాట్‌లో ఉన్నారు. నేను లిస్టు పట్టుకుని కింద లిఫ్ట్ దగ్గర నిలబడి ఒక్కో డబ్బా నంబరు చూసి టిక్కు పెట్టాను. అన్నీ వచ్చాయి. సూపర్‌వైజర్ కాగితం చాపి "సైన్ కర్ దో మేడమ్, గాడీ జానా హై" అన్నాడు. టీవీ, వంటింటి డబ్బాలు విప్పాకే అన్నాను. టీవీ డబ్బా ఒక మూల నొక్కుకుపోయి ఉంది, అందుకే దాన్నే ముందు విప్పించాను. ప్లగ్ పెట్టగానే తెర మీద నిలువునా గీతలు. "ముందు నుంచే అలా ఉందేమో" అన్నాడు. ప్యాకింగ్‌కు ముందు టీవీ నడుస్తుండగా తీసిన వీడియో చూపిస్తే ఇక నోరెత్తలేదు. తర్వాత వంటింటి డబ్బా తీస్తే, చీరలో చుట్టి పెట్టిన ఆవకాయ జాడీ రెండు ముక్కలై ఉంది. అది మా అత్తమ్మకు వాళ్లమ్మ ఇచ్చింది. టీవీకైతే బిల్లు ఉంది, దానికి ఏ బిల్లు చూపించాలి? నాకు అక్కడే ఏడుపొచ్చింది.

డెలివరీ కాపీ మీద ఏమీ రాయకూడదు, ఆఫీసుకు మెయిల్ చేసుకోండి అన్నాడు. అదేం లేదు, ఎవరైనా రాయొచ్చు. 'టీవీ తెర పాడైంది, జాడీ పగిలింది, మిగతా డబ్బాలు ఇంకా విప్పి చూడలేదు' అని సంతకం పైనే రాసి, తేదీ, టైమ్ వేసి, ఫోటో తీసుకున్నాకే కాగితం ఇచ్చాను. ఆ 'విప్పి చూడలేదు' అన్న మాట మాత్రం మర్చిపోకండి. ఫోటోలన్నీ ఆ రాత్రే మెయిల్‌లో పంపేశాం.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇన్సూరెన్స్ సంగతి. ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ అని సామాను విలువ మీద 3 శాతం తీసుకున్నారు. పాలసీ కాపీ అడిగితే, అది ఇన్సూరెన్స్ కంపెనీది కాదు, మూవర్స్‌గా మేమే ఇచ్చే సొంత రిస్క్ కవర్ అన్నారు. ఇన్సూరెన్స్ కంపెనీ పేరు, పాలసీ నంబరు లేనిది ఇన్సూరెన్స్ ఎలా అవుతుంది? డబ్బు కట్టే ముందే పాలసీ కాపీ చేతికి తీసుకోండి. చివరికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాక టీవీ రిపేరు డబ్బు ఇచ్చారు. కాగితం మీద నా రాత లేకపోతే పైసా వచ్చేది కాదు. జాడీకి ఏమీ ఇవ్వలేదు.

కేసు దాకా వెళ్లాల్సి వస్తే, 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. దానికి 180 రోజుల గడువు ఉంది, అది డెలివరీ రోజు నుంచి కాదు, బుక్ చేసిన రోజు నుంచి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువు. మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, పూణె వెళ్లక్కర్లేదు.

అన్నీ విప్పే టైమ్ లేకపోతే టీవీ, గాజు సామాను, వాషింగ్ మెషీన్ ముందు చూడండి. ఫ్రిజ్‌ను కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాకే ఆన్ చేయాలి కాబట్టి, సొట్టలు మాత్రం చూసి 'ఆన్ చేసి చూడలేదు' అని రాయండి. మంచం వాళ్ల చేతే బిగించండి, బోల్టులు పోయిన సంగతి బిగిస్తేనే తెలుస్తుంది. లిఫ్ట్ కోసం మీ అసోసియేషన్ వాళ్లతో ముందు రోజే మాట్లాడి, బండి ఆలస్యమైతే రెండు గంటలు ఎక్కువ ఇవ్వాలని వాట్సాప్‌లో ఒప్పించుకోండి.