టెక్ సందేహాలు: బోరు నీళ్లలో కలిపిన వెండి ఎటు పోయింది?

ప్రశ్న: వాటర్ ఫిల్టర్‌లో వెండి పూసిన కార్బన్ నుంచి నీళ్లలోకి ఎంత వెండి దిగుతోందో ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం సిల్వర్ అయాన్ ఎలక్ట్రోడ్‌తో (నీళ్లలో కరిగిన వెండిని వోల్టేజి ద్వారా కొలిచే కడ్డీలాంటి పరికరం) కొలుస్తున్నాను. డిస్టిల్డ్ వాటర్‌లో లీటరుకు 50 మైక్రోగ్రాముల వెండి కలిపితే సరిగ్గానే చూపిస్తోంది. హాస్టల్ బోరు నీళ్లలో అంతే కలిపితే దాదాపు సున్నా అంటోంది. ఎలక్ట్రోడ్ పోయినట్టేనా? మా గైడ్ కొత్తది కొననివ్వడం లేదు.
- ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: మీ గైడ్ మాటే రైట్, కొనకండి. ఎలక్ట్రోడ్ కొసన ఉండే సిల్వర్ సల్ఫైడ్ బిళ్ల విడిగా ఉన్న వెండి అయాన్లకే (విద్యుదావేశం ఉన్న వెండి పరమాణువులకే) స్పందిస్తుంది. ఇంకోదానితో జతకట్టిన వెండి ఎంతున్నా దానికి లెక్కలోకి రాదు. బోరు నీళ్లలో ఆ జత క్లోరైడ్, అంటే మామూలు ఉప్పులోనూ ఉండే అయాన్.

తాగునీటికి మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం క్లోరైడ్ లీటరుకు 250 మిల్లీగ్రాముల వరకు ఉండొచ్చు. మీ నీళ్లలో అంత ఉందనుకుందాం. సిల్వర్ క్లోరైడ్ కరిగే గుణాన్ని బట్టి లెక్క వేస్తే, విడి వెండి లీటరుకు 3 మైక్రోగ్రాములు కూడా మిగలదు. మీరు 50 పోసినా, 500 పోసినా అంతే. మిగతాది క్లోరైడ్‌తో కలిసి కరిగి ఉంటుంది, లేదా తెల్లగా అడుగుకు దిగుతుంది. ఈ రకం ఎలక్ట్రోడ్లు కొలవగలవని కంపెనీలు చెప్పే కింది హద్దే లీటరుకు సుమారు 10 మైక్రోగ్రాములు. ఇక సున్నా చూపించక ఏం చేస్తుంది?

అందుకే ముందు ఆ నీళ్లలో క్లోరైడ్ ఎంతుందో టైట్రేషన్ (చుక్కలు చుక్కలుగా రసాయనం కలిపి కొలిచే పద్ధతి) చేసి చూడండి. మీకు కావాల్సింది మొత్తం వెండి అయితే (బీఐఎస్ పెట్టిన లీటరుకు 0.1 మిల్లీగ్రాము హద్దుతో పోల్చాలంటే అదే కావాలి) శాంపిల్‌ను ఐసీపీ-ఎంఎస్ (లోహాలను అతి తక్కువ మోతాదులోనూ కొలిచే యంత్రం) ఉన్న ల్యాబ్‌కు పంపడమే మంచిది. క్లోరైడ్ లేని నీళ్లను ఫిల్టర్ గుండా పంపి చూసేంతవరకైతే మీ ఎలక్ట్రోడ్ చాలు. కాకపోతే ఆ అంకెను బోరు నీళ్లకు అంటగట్టకూడదు.

రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌ను (పోల్చి చూడటానికి పక్కన ముంచే రెండో ఎలక్ట్రోడ్‌ను) కూడా ఒకసారి చూడండి. లోపల పొటాషియం క్లోరైడ్ పోసిన మామూలు రకమైతే అదే మీ బీకర్‌లోకి కొంచెం కొంచెంగా క్లోరైడ్ వదులుతుంది. డబుల్ జంక్షన్ రకం (లోపల ఒకటి, బయట ఒకటి గదులున్నది) తీసుకుని, బయటి గదిలో పొటాషియం నైట్రేట్ పోయండి.

ఇంత తక్కువ స్థాయిలో మరో చిక్కుంది. వెండి గాఢత పదింతలు మారితే 25 డిగ్రీల దగ్గర ఎలక్ట్రోడ్ వోల్టేజి 59 మిల్లీవోల్టులు మారాలన్నది పుస్తకంలోని సూత్రం. కింది హద్దు దగ్గరపడే కొద్దీ గాఢతకూ మిల్లీవోల్టులకూ మధ్య గీసిన ఆ గీత వంగిపోతుంది. ఎక్కువ గాఢత ఉన్న రెండు స్టాండర్డ్‌లతో (వెండి ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాలతో) గీసిన గీతను కిందికి పొడిగిస్తే తప్పుడు అంకెలొస్తాయి. 10, 20, 50, 100 మైక్రోగ్రాముల స్టాండర్డ్‌లు ఏ రోజుకారోజు కలుపుకోండి. అన్నిటిలో, శాంపిల్‌లో కూడా, సోడియం నైట్రేట్ ఒకే మోతాదులో ఉండాలి. ఒక్క మిల్లీవోల్టు తేడా వస్తే ఫలితంలో 4 శాతం తేడా వస్తుంది కాబట్టి మీటరు అంకె కదలడం ఆగేదాకా నిమిషాల తరబడి ఆగాల్సిందే. మ్యాగ్నెటిక్ స్టిరర్ వేడెక్కి బీకర్‌ను కూడా వేడెక్కిస్తుంది, మధ్యలో థర్మోకోల్ ముక్క పెట్టండి. వెండి గాజు గోడలకు అంటుకుంటుంది, వెలుతురు తగిలితే పాడవుతుంది. స్టాక్ ద్రావణంలో కాస్త నైట్రిక్ ఆమ్లం కలిపి ముదురు రంగు ప్లాస్టిక్ సీసాలో దాచండి.

ప్రశ్న: ఇలాంటి ఎలక్ట్రోడ్‌ను మా కాలేజీలో ఉన్న పీహెచ్ మీటరుకు తగిలించొచ్చా?

జవాబు: టేబుల్ మీద పెట్టే రకమై, బీఎన్‌సీ సాకెట్ (ఎలక్ట్రోడ్ వైరు తగిలించే గుండ్రటి రంధ్రం), మిల్లీవోల్ట్ మోడ్ ఉంటే భేషుగ్గా తగిలించొచ్చు. 0.1 మిల్లీవోల్టు వరకు చూపించాలి. పెన్ను రకానికి కుదరదు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొన్న కొలాయిడల్ సిల్వర్ (సన్నటి వెండి నలుసులు తేలే నీళ్లు) అసలుదో కాదో టీడీఎస్ మీటరుతో తెలుస్తుందా?

జవాబు: తెలియదు. టీడీఎస్ మీటరు నీటి విద్యుత్ వాహకతను చూసి అంకె చెబుతుంది. అందులో ఉన్నది వెండో, ఉప్పో దానికి తేడా తెలియదు. నీళ్లలో తేలే వెండి నలుసులను అయితే అది గానీ, సిల్వర్ ఎలక్ట్రోడ్ గానీ పట్టుకోలేవు. తాగడానికే కొని ఉంటే మాత్రం ఆ సీసా పక్కన పెట్టేయండి. ఇలాంటి మందులు సురక్షితమనీ, పనిచేస్తాయనీ గుర్తించలేమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చింది. ఎక్కువ కాలం తాగిన వాళ్లకు చర్మం నీలి బూడిద రంగుకు తిరగొచ్చు, ఆ రంగు సాధారణంగా మళ్లీ పోదు.