మీకా 6:8 ప్రకారం రోజువారీ జీవితంలో నడుచుకోవడం అంటే ఏమిటి?

బైబిల్లో మీకా గ్రంథంలోని ఈ వచనంలో దేవుడు అడిగేవి మూడు: న్యాయంగా నడుచుకోవడం, కనికరాన్ని ప్రేమించడం, దీనమనస్సుతో ఆయన యెదుట ప్రవర్తించడం. అయితే దీనికి ముందున్న రెండు వచనాలు చదవకుండా దీన్ని పట్టుకుంటే గోడమీద క్యాలెండర్ వాక్యంలా మిగిలిపోతుంది. అక్కడ ప్రశ్న ఏమిటంటే, వేలకొలది పొట్టేళ్లు, నదులంత నూనె, చివరికి జ్యేష్ఠపుత్రుణ్ణి అర్పిస్తే దేవుడు సంతోషిస్తాడా అని. దానికి జవాబే 8వ వచనం.

మీకా క్రీ.పూ. 8వ శతాబ్దపు ప్రవక్త, యూదాలోని మోరెషెతు ఊరివాడు. ఆయన మండిపడింది పొలాలు లాక్కునేవాళ్ల మీద (2:2), తప్పుడు త్రాసు, దొంగ రాళ్లతో తూచేవాళ్ల మీద (6:11). కాబట్టి న్యాయం మొదలయ్యేది కాటా దగ్గర, కూలి డబ్బుల దగ్గర. చర్చికి కానుక ఘనంగా ఇచ్చి, ఇంట్లో పనిచేసే ఆమె జీతం ఆపితే లెక్క కుదరదు.

కనికరం అన్నచోట హీబ్రూ మాట హెసెద్. 136వ కీర్తనలో 'ఆయన కృప నిరంతరముండును' అని మనం పాడే కృప కూడా అదే మాట. అంటే జాలిపడి చిల్లర వేయడం కాదు, విడిచిపెట్టని నమ్మకమైన ప్రేమ. మంచం పట్టిన అత్తగారిని ఏళ్ల తరబడి చూసుకోవడం లాంటిది.

దీనమనస్సంటే తల వంచుకుని తిరగడం అనుకుంటారు చాలామంది. హీబ్రూలో ఉన్నది 'నీ దేవునితో నడవడం'. ఆయన అడుగుతో అడుగు కలపాలంటే మన తొందర, మన పంతం కొంచెం తగ్గించుకోవాల్సిందే.