దేవుణ్ని నమ్మేవాళ్లు క్రెయిగ్ థాంప్సన్ ‘బ్లాంకెట్స్’ చదవొచ్చా, మనసు నొచ్చుకుంటుందా?

నిరభ్యంతరంగా చదవండి. మాది ఆదివారం మందిరం మానని ఇల్లు. సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పట్టి పెరిగినదాన్ని, ఇప్పటికీ ప్రార్థన చేసుకుంటాను. నన్నైతే ఈ పుస్తకం నొప్పించలేదు. మా ఇంట్లో ఎవరూ నోరు విప్పి అడగని ప్రశ్నలు ఇందులో దొరికాయి.

2003లో వచ్చిన ఈ నలుపు తెలుపు బొమ్మల పుస్తకం దాదాపు 600 పేజీలుంటుంది. థాంప్సన్ సొంత కథే. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఒక పల్లె, బైబిల్‌ను అక్షరాలా నమ్మే అమ్మానాన్న, తమ్ముడితో ఒకే మంచం మీద దుప్పటి కోసం కొట్లాటలు. చలికాలం చర్చి క్యాంపులో రెయినా అనే అమ్మాయి పరిచయమవుతుంది. తర్వాత మిషిగన్‌లో వాళ్లింట్లో రెండు వారాలు ఉంటాడు.

నన్ను బాగా కదిలించింది మాత్రం ప్రేమకథ కాదు, సండే స్కూల్ సన్నివేశం. పరలోకంలో బొమ్మలు గీసి దేవుణ్ని స్తుతిస్తానంటాడు పిల్లాడు. ఆయన సృష్టినే గీస్తానంటే, అది ఆయన ముందే గీసేశాడు కదా అంటుంది టీచర్. ఆవిడ కోప్పడదు, కొట్టదు. అయినా ఆ మాట పిల్లాడిలో ఎంత లోతుకు దిగిందో, పెద్దయ్యాక తన బొమ్మలన్నీ తనే తగలబెట్టుకున్నప్పుడు తెలుస్తుంది. బైబిల్లోని ప్రసంగి గ్రంథం చదువుతూ అతనికొచ్చే అనుమానాలూ అంతే నిజాయతీగా ఉంటాయి. తాను ఇక క్రైస్తవుణ్ని కానని అమ్మానాన్నలకు చెప్పుకోవడానికే థాంప్సన్ ఈ పుస్తకం మొదలుపెట్టాడు. అయినా వాళ్లను ఎక్కడా ఎగతాళి చేయడు. అతనికి యేసు మీద ప్రేమ కూడా పోలేదు.

రెయినా గుడ్డముక్కలు కలిపి అతని కోసం బొంత కుడుతుంది. ఆ బొంత పేజీలను గబగబా తిప్పేయకండి. ఒక్కో ముక్కనూ కామిక్‌లో గడిలా వరసగా చదువుతాడతను.

ఒక జాగ్రత్త. చిన్నప్పుడు పిల్లల్ని చూసుకోవడానికి వచ్చిన మనిషి చేసిన లైంగిక వేధింపు ఇందులో ఉంది. పదో తరగతి లోపు పిల్లల చేతికి నేనైతే ఇవ్వను. అమ్మానాన్నలకు ఇవ్వాలనుకుంటే ముందు మీరు పూర్తి చేసి, వాళ్లతో కూర్చుని మాట్లాడే తీరిక చూసుకుని ఇవ్వండి.

ఇది నచ్చితే మర్జానె సత్రాపి బొమ్మల పుస్తకం ‘పెర్సెపోలిస్’ అందుకోండి. ఇరాన్ రాజధాని టెహ్రాన్‌లో పెరిగే పాప రోజూ రాత్రి దేవుడితో కబుర్లు చెబుతుంది. బాబాయిని ప్రభుత్వం చంపేశాక ఆ దేవుణ్నే పొమ్మంటుంది. నమ్మకం పోవడం థాంప్సన్‌కు ఏళ్ల తరబడి సాగితే, ఆ పాపకు ఒక్క రాత్రిలో జరిగిపోతుంది.